సంక్రాంతి సెలవుల ప్రాజెక్టు ఎవరు చేస్తున్నారు?

డిసెంబర్ మూడో వారం మొదలు సంక్రాంతి వెళ్లేదాకా, ప్రైమరీ స్కూలు పిల్లలున్న హైదరాబాద్ ఇళ్లలో ఏ రోజూ ఇంకో రోజులా ఉండదు. మిషనరీ స్కూళ్లకు క్రిస్మస్ ముందు నుంచే సెలవులు. మిగతా బడులకు 25, 26 తేదీలతో సరి. అక్క ఒక బడి, తమ్ముడు మరో బడి అయితే ఒకరు ఇంట్లో ఉంటారు, మరొకరికి పొద్దున్నే టిఫిన్ బాక్సు కట్టాలి. ఆ తర్వాత అందరికీ సంక్రాంతి సెలవులు. ఈ నెల రోజుల్లో బడి ఇంటికి పంపేవి రెండు: సెలవుల కబురు, సెలవుల పని. ఈ రెండింటినీ చాలా బడులు ఏటా అలవాటు చొప్పున పంపేస్తున్నాయి. అందుకునే ఇల్లు ఎలా ఉంటుందో, అక్కడ ఎవరుంటారో ఆలోచించి పంపే బడులు తక్కువ.

ముందు కబురు సంగతి చూద్దాం. రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. అంటే జనవరి 12న సికింద్రాబాద్‌లో రైలెక్కాల్సిన కుటుంబం నవంబర్ 13 పొద్దున 8 గంటలకు టికెట్ తీయాలి. సంక్రాంతి రైళ్లలో సీట్లు ఎంతసేపు ఉంటాయో అందరికీ తెలుసు. కానీ బడి సర్క్యులర్ వాట్సాప్‌లోకి వచ్చేది జనవరి మొదటి వారంలో. తేదీ తెలియని తండ్రి దొరికిన రోజుకు టికెట్ తీస్తాడు, పిల్లలు రెండు రోజుల ముందే బడి మానేస్తారు. తిరుగు ప్రయాణమూ అంతే. తర్వాత టీచర్లు హాజరు పట్టీ చూసి తల్లిదండ్రులను తప్పుపడతారు. ఆ గైర్హాజరులో బడి చేసిన ఆలస్యానికీ వాటా ఉంది. విద్యాశాఖ కేలండర్ విద్యాసంవత్సరం మొదట్లోనే వస్తుంది కాబట్టి నవంబర్ మొదటి వారంలోనే తేదీలు పంపొచ్చు. 'ప్రభుత్వం మార్పు చేస్తే మళ్లీ చెబుతాం' అని ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది.

ఆ మెసేజ్‌లో చివరి పనిదినం, బడి తెరిచే తేదీ, ఆ తేదీ ఏ వారమో, మొదటి రోజు ఒంటిపూటా రెండు పూటలా, స్కూలు బస్సు వస్తుందా రాదా అన్నవి ఉండాలి. ఫీజు మాట అందులో వద్దు, దానికి వేరే మెసేజ్ పెట్టుకోవాలి. బాకీ గుర్తుచేసే వాక్యం పైన కనిపిస్తే కింద ఏముందో చాలామంది చదవరు. ఇంగ్లిష్ పీడీఎఫ్ చదవలేని అమ్మలు, నానమ్మలు ఈ నగరంలో ఎంతోమంది. అదే సంగతిని తెలుగులో ఒకసారి, ఉర్దూలోనో హిందీలోనో ఒకసారి నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపితే ఎవరినీ అడిగి తెలుసుకోనక్కర్లేదు.

ఇక సెలవుల పని. సంక్రాంతి మీద చార్ట్, థర్మకోల్‌తో పల్లెటూరి ఇల్లు, సబ్జెక్టుకు పది పేజీల చేతిరాత. ఒకటో తరగతి పిల్లాడి చేతికి బ్లేడు ఇవ్వలేం కాబట్టి థర్మకోల్ నాన్న కోస్తాడు. అమ్మ ఫోన్‌లో వెతికి వాక్యాలు రాసిపెడుతుంది. హరిదాసు, గంగిరెద్దు బొమ్మలు జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లుగా వస్తాయి. బడి తెరిచే ముందు రోజు రాత్రి కూకట్‌పల్లి అయినా దిల్‌సుఖ్‌నగర్ అయినా స్టేషనరీ దుకాణం ముందు నిలబడేది పిల్లలు కాదు, పెద్దలే. మర్నాడు టీచర్ బల్ల మీద ఒకే బొమ్మలున్న చార్టులు గుట్టపడతాయి. రోజు కూలీ మీద బతికే ఇంటికి ఆ చార్ట్, ఆ ప్రింట్లు అదనపు ఖర్చు. అది పెట్టలేని పిల్ల ఖాళీ చేతులతో వస్తుంది.

ఇదంతా మార్కుల కోసమే. రాష్ట్రంలోని నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఎఫ్‌ఏకు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో జరిగే మూల్యాంకనం) నాలుగు భాగాలు: పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. సంక్రాంతి తర్వాత ఎఫ్‌ఏ-4 ఎలాగూ ఉంటుంది కనుక ప్రాజెక్టు సెలవుల్లో చేయిస్తే ఒక పని అయిపోతుందని బడి లెక్క. కానీ ఆ భాగం పెట్టిందే పిల్లలు తామే చూసి, అడిగి, తెలుసుకున్నది తమ మాటల్లో చెబుతారని. పెద్దలు చేసిన చార్టుకు మార్కులు వేయడమంటే చదువు, తీరిక ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు అదనంగా మార్కులు వేయడమే. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది, మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు మించొద్దంది. నాలుగు సబ్జెక్టులకు పదేసి పేజీలంటే నలభై పేజీలు. పేజీకి పావుగంట వేసుకున్నా పది గంటలు. వారం సెలవుల్లో అది ఐదు రెట్లు.

సెలవుల పని ఇవ్వాలనుకునే టీచర్ రెండు షరతులు పెట్టుకోవాలి. దానికోసం ఇంట్లో ఏదీ కొత్తగా కొనకూడదు. పెద్దవాళ్లు మాట చెప్పొచ్చు, చేత్తో చేయకూడదు. ఈ రెండింటికీ ముగ్గు నిలుస్తుంది.

సందు చుక్కల ముగ్గే తీసుకోండి. ఇందులో ఒక వరుస చుక్కలు పక్క వరుసలోని రెండేసి చుక్కల మధ్య సందులోకి వస్తాయి. '5 చుక్కలు, సందు చుక్క 3 వచ్చే వరకు' అంటే నడిమి వరుసలో 5, దానికి పైనా కిందా 4, మళ్లీ పైనా కిందా 3. మొత్తం 19. '7 చుక్కలు, 4 వచ్చే వరకు' అయితే 37. '9 చుక్కలు, 5 వచ్చే వరకు' అయితే 61. ఒకటో తరగతికి '3 చుక్కలు, 2 వచ్చే వరకు' చాలు, ఏడు చుక్కలు పెట్టి లెక్కపెడితే అయిపోయింది. రెండు, మూడు తరగతుల వాళ్లు 19, 37 వరుసల వారీగా కూడి రాస్తారు. ఐదో తరగతి పిల్లలకు 7, 19, 37, 61 ఇచ్చి, ఒక్కోదానికీ తర్వాతదానికీ తేడా ఎంతో చూడమనాలి. 12, 18, 24 వస్తాయి. ఆ తర్వాతి ముగ్గుకు ఎన్ని చుక్కలో వేయకుండానే చెప్పగలవా అని అడిగితే 61కి 30 కలిపే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 11 చుక్కలు, 6 వచ్చే వరకు వేసి చూసుకుంటే 91 సరిపోతుంది.

ఇక్కడ పిల్లలు ఎక్కువగా రెండు చోట్ల తప్పుతారు. పై వరుసతో మొదలుపెడితే కిందికి వచ్చేసరికి ముగ్గు ఒక పక్కకు ఒరుగుతుంది, అందుకే నడిమి వరుస ముందు పెట్టించాలి. సందు చుక్కను రెండు చుక్కల మధ్యకు కాకుండా ఒక చుక్కకు సూటిగా పెడితే అది ఎదురు చుక్క అయిపోతుంది, గీత కలవదు. చుక్కకూ చుక్కకూ మధ్య పిల్లల నాలుగు వేళ్ల వెడల్పు ఉంచితే చిన్న చేతులకు వీలుగా ఉంటుంది. వాకిలి లేని అపార్ట్‌మెంట్ అయితే పలక మీద సుద్దతో వేస్తారు. ముగ్గు వేసే ఆనవాయితీ లేని ఇళ్లలో చింతగింజలు పేర్చినా లెక్క అదే. టీచర్ ఈ మాట కాగితంలో రాసి పంపాలి, ఏ ఇంటి పిల్లా ఇది మాది కాదు అనుకోకూడదు.

ఊరెళ్లే పిల్లలకు దారే నోట్‌బుక్. విజయవాడ వైపు వెళ్లేవాళ్లకు చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ వరసగా వస్తాయి. వరంగల్ వైపు ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ. పసుపు తల ఉన్న రాయి జాతీయ రహదారిదని చెప్పి, మూడు ఊళ్ల దగ్గర బోర్డు మీది కిలోమీటర్లు రాసుకుని తేడా కట్టమంటే మూడో తరగతి తీసివేత అందులోనే ఉంది.

సకినాలు చేసే ఇంట్లో నాలుగో తరగతి పిల్లలకు మంచి పరిసరాల పాఠం దొరుకుతుంది. బియ్యం ఎన్ని గ్లాసులు, నువ్వులు ఎంత, వాము ఎంత అని నానమ్మను అడిగి రాయాలి. పిండిలో నీళ్లు తక్కువైతే చుట్టు మధ్యలో తెగుతుంది, ఎక్కువైతే జారి ఆకారం నిలవదు. పిల్లలు ఒక్కో సకినం చుట్టి చూసి, ఏమైందో, ఎందుకైందో రెండు వాక్యాలు రాస్తే చాలు. నూనె మూకుడు దగ్గరికి పిల్లలు వెళ్లకూడదన్న మాటను బడి తన కాగితంలోనే రాయాలి.

నగరంలోనే ఉండిపోయే కుటుంబాలకు చిన్న మాట. నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు ఉంటుంది కాబట్టి పండగ రద్దీలో చిన్నపిల్లలతో వెళ్లే అవసరం లేదు. ఎప్పుడు వెళ్లినా ఫోన్ నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో ఉండాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు.

పతంగుల విషయంలో 'జాగ్రత్తగా ఉండండి' అని ముగించే సర్క్యులర్ వల్ల ఒరిగేదేమీ లేదు. 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. గాజుపొడి, లోహపు పూత లేని నూలు దారమే వాడాలి. కొన్న దారం ఏదో పెద్దవాళ్లు చిన్న ముక్క కాల్చి చూడొచ్చు: నూలైతే బూడిదవుతుంది, నైలాన్ కరిగి గుండు కడుతుంది. పిట్టగోడ లేని డాబా మీదికి పిల్లలను పంపకూడదు, ఎందుకంటే పతంగి ఎగరేసేవాళ్లు పైకి చూస్తూ వెనక్కి నడుస్తారు. కరెంటు తీగకు చిక్కిన పతంగిని వదిలేయాలి, అవసరమైతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. బండి మీద పిల్లలను ముందు కూర్చోబెట్టడం ఈ వారం రోజులైనా మానాలి. తెగి వేలాడే దారం ముందు తగిలేది వాళ్ల మెడకే. నాలుగేళ్లు దాటిన పిల్లలకు చట్టప్రకారం హెల్మెట్ తప్పనిసరి, మెడకు మందపాటి మఫ్లర్ కూడా చుట్టాలి.

సర్కారు బడి పిల్లలకు సెలవులంటే మధ్యాహ్న భోజనం లేని రోజులు కూడా. ప్రాథమిక తరగతుల్లో పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అందాలన్నది పథకం నిబంధన. ఊరు వెళ్లలేక సైట్ల దగ్గరే ఉండిపోయే భవన కార్మికుల పిల్లలకు వారం పాటు ఆ పూట లోటు. కొవిడ్‌లో బడులు మూసినప్పుడు పిల్లల వాటాను ధాన్యంగానో నగదుగానో ఇవ్వాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అప్పుడు సాధ్యమనుకున్నది సంక్రాంతి వారానికి ఎందుకు సాధ్యం కాదో విద్యాశాఖ ఆలోచించాలి.

బడి తెరిచాక టీచర్ చేయాల్సింది వినడం. ఒక్కొక్కరికి ఒక నిమిషం ఇచ్చి, ఏం చూశారో ఏం లెక్క కట్టారో చెప్పమంటే 35 మంది తరగతి ఒక పీరియడ్‌లో అయిపోతుంది. ఎఫ్‌ఏ ప్రాజెక్టు మార్కు ఆ నిమిషానికే వేయొచ్చు. తాను చుక్కలు పెట్టిన పిల్ల గడగడా చెబుతుంది, నాన్న చేసిచ్చిన పిల్లాడు రెండో ప్రశ్నకే ఆగిపోతాడు. ఊరి నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం అదే వారంలో ఇంకో పీరియడ్ అట్టిపెట్టాలి, మొదటి రోజు రాలేదని మార్కు తగ్గించకూడదు.