సవరణ: ఒబామాకు పడిన నల్లజాతి ఓట్ల గురించి

2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఒబామా గెలుపు మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో "2008లో నల్లజాతి ఓటర్లు మనవాడు అనుకుని గుడ్డిగా ఓటేశారు" అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాం. బదులుగా ఇది చదవండి.

ఎగ్జిట్ పోల్స్ ప్రకారం ఒబామాకు నల్లజాతి ఓట్లలో 95 శాతం పడ్డ మాట నిజమే. కానీ ఒబామా లాగే డెమోక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డ జాన్ కెర్రీకి 2004లో 88, అల్ గోర్‌కి 2000లో 90 శాతం పడ్డాయి. వాళ్లిద్దరూ తెల్లవాళ్లే! డెమోక్రాట్ల వైపు ఈ మొగ్గు 1930ల్లో మొదలై, 1964లో గట్టిపడింది. జాతివివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టానికి సెనేట్‌లో వ్యతిరేకంగా ఓటేసిన బారీ గోల్డ్‌వాటర్‌ని ఆ ఏడాదే రిపబ్లికన్లు అధ్యక్ష పదవికి నిలబెట్టారు. బానిసత్వాన్ని అంతం చేసిన లింకన్ పార్టీ అని రిపబ్లికన్ల మీద ఉన్న పాత అభిమానంలో మిగిలిందేదో ఆ దెబ్బతో పోయింది.

పైగా 2007లో నల్లజాతి నేతలు చాలామంది డెమోక్రాట్ల అభ్యర్థిత్వం కోసం ఒబామాతో పోటీపడ్డ హిల్లరీ క్లింటన్ వైపే ఉన్నారు. 1965లో ఓటుహక్కు కోసం నడుస్తూ సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీదెబ్బలు తిన్న జాన్ లూయిస్ కూడా ముందు ఆవిడకే మద్దతు ప్రకటించి, 2008 ఫిబ్రవరిలో ఒబామా వైపు మారాడు. ఈలోపు జరిగిందేమిటంటే, అభ్యర్థిని ఎంచుకునే పార్టీ పోటీలో, తెల్లవాళ్లే ఎక్కువున్న అయోవా రాష్ట్రంలో ఒబామా గెలిచాడు. గెలిచే గుర్రమని తేలాక దక్షిణ కరోలినాలో నల్లజాతి ఓట్లు వరదలా వచ్చాయి.

సొంతవాడన్న గర్వం లేదనడం లేదు. పోలింగ్ కేంద్రాలకు వచ్చిన నల్లజాతి ఓటర్లు ఆ ఏడాది పెరగడంలో అది కనిపిస్తుంది. అయితే 2004 ఇల్లినాయ్ సెనేట్ పోటీలో ఒబామా మీద రిపబ్లికన్లు దింపిన అలన్ కీస్ కూడా నల్లజాతివాడే. మొత్తం ఓట్లలో ఆయనకు వచ్చింది 27 శాతం, ఒబామాకు 70. అంటే ఇద్దరూ నల్లజాతివాళ్లే అయిన ఆ పోటీని తేల్చింది రంగు కాదు.