పందికొక్కుకు పర్యాయపదం

మా మేనల్లుడు వేకువన నాలుగున్నరకి లేచి వదిలెయ్యడం మొదలుపెడతాడు. అబాండన్: ఫర్‌సేక్, డిజర్ట్, రెలింక్విష్, గివప్. ఒడిశా బరంపురంలో మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకే గోడ, అదీ పేరుకి గోడ. కాబట్టి వాడితోపాటు నేనూ వదిలేస్తూనే నిద్ర లేస్తాను. పరీక్షల కోసం ఇంగ్లీషు మాటలూ వాటి పర్యాయపదాలూ బట్టీపట్టే వకాబ్ పుస్తకం ఏది కొన్నా మొదటి పేజీలో ఈ మాటే కూర్చుని ఉంటుంది. సర్కారు కొలువు కోసం బయల్దేరిన కుర్రాడికి గడప దగ్గరే 'వదిలెయ్ నాయనా' అని చెప్పేసే నిజాయితీ అక్షరక్రమానికి తప్ప మరెవరికుంది?

ఇంగ్లీషు మీద నాకు పగ లేదు. నా పగంతా ఆ పుస్తకంలోని సమానం గుర్తు మీద. ఎడం పక్కన ఒక మాట, కుడి పక్కన నాలుగు మాటలు, మధ్యన రెండు అడ్డగీతలు. ఇదీ అదీ ఒకటేనట! ఆ గుర్తు పెట్టిన మహానుభావుడు జన్మలో ఒక్కసారైనా అత్తారింట్లో భోంచేసి ఉండడు.

లెక్క కూడా వినండి. మావాడు బ్యాంకు పరీక్షలతోపాటు రాసే కేంద్ర సర్కారు కొలువుల పరీక్ష సీజీఎల్, దాని మొదటి మెట్టులో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఇంగ్లీషువి 25. ఒప్పయితే 2 మార్కులు, తప్పయితే అర మార్కు కోత. సగటున ప్రశ్నకి 36 సెకన్లు. అంతసేపట్లో మా ఊళ్ళో ఆటో బేరం కూడా తెగదు. మా తాతా పర్యాయపదాలే వల్లించాడు, కాదన్ను. కాకపోతే అది అమరకోశం, శ్లోకం, దానికో నడక ఉంది, ముసలితనంలో కూడా మంచం మీద పడుకుని చదువుకునేవాడు. తప్పు చదివితే పంతులు తొడపాశం పెట్టాడు గానీ అర మార్కు కొయ్యలేదు. తొడపాశం సాయంత్రానికి తగ్గిపోతుంది.

ఇక పర్లాకిమిడి పెళ్ళిచూపుల సంగతి. ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

అమ్మాయి కూడా బ్యాంకు పరీక్షలకే చదువుతోంది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకోండని పెరట్లోకి పంపించి, పెద్దలందరం గౌరవంగా కిటికీ కింద చెవులొగ్గి కూర్చున్నాం.

"టాసిటర్న్?" అన్నాడు మావాడు.

"రెటిసెంట్, రిజర్వ్‌డ్. యాంటనిమ్ చెప్పండి."

"గారులస్."

"ఇంకోటి?"

"లోక్వేషస్."

మా అక్క నా మోచెయ్యి గిల్లింది. "ఏటంటన్నార్రా?"

"తక్కువ మాట్లాడ్డం గురించి ఎక్కువ మాట్లాడుకుంటున్నారు" అన్నాను.

అవతలి బామ్మగారు అవి మంత్రాలనుకుని చెంపలు వేసుకుంది. అయిదు నిమిషాలకి పెరట్లోంచి నవ్వులు కూడా వినిపించాయి. తప్పు చెబితే నవ్వారో, ఒప్పు చెబితే నవ్వారో తెలీదు గానీ, మా అక్క అప్పుడే మనసులో శుభలేఖ అచ్చు వేయించేసింది. తర్వాత జంతికలు, టీ. పిల్ల తండ్రి నిమ్మళస్థుడు. "ఆర్భాటాలొద్దు బావగారూ, గుళ్ళో పెళ్ళి, వంద మందికి భోజనాలు, చాలు" అన్నాడు. ఆ మాటకి మావాడి గుండె ఉప్పొంగింది. మెచ్చుకోవాలనుకున్నాడు. మెచ్చుకోడానికి తెలుగుంది, ఒడియా ఉంది, చేతులెత్తి దండం పెట్టినా సరిపోయేది.

"మీరు చాలా పార్సిమోనియస్ అండీ" అన్నాడు.

ఆయన అదేదో బిరుదనుకుని మావాడి పళ్ళెంలో ఇంకో జంతిక వేశాడు. పిల్ల మాత్రం టీ గ్లాసు కింద పెట్టేసింది. "మైజర్లీ, స్టింజీ" అని వేళ్ళమీద లెక్కపెట్టి, "నాన్నా, నిన్ను పిసినారి అంటన్నాడు" అంది.

"కాదండీ! ఫ్రూగల్! ఫ్రూగల్ పక్కన పార్సిమోనియస్ అనే ఉంది, చూపిస్తానుండండి" అంటూ వీడు ఫోను తీసి పీడీఎఫ్ వెతకడం మొదలెట్టాడు. పెళ్ళిచూపుల్లో పేజీ నంబరు చూపించి బతికి బట్టకట్టినవాణ్ణి మీరెవరైనా ఎరుగుదురా? ఆయన జంతిక వెనక్కి తీసుకోలేదు, అదొక్కటే ఆయన పెద్దమనిషి తరహా. తిరుగు బస్సులో బరంపురం దాకా మా అక్క కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

పొదుపరీ, పిసినారీ ఇద్దరూ డబ్బు తియ్యనివాళ్ళే. మొదటివాడు మన నాన్న, రెండోవాడు పక్కింటివాళ్ళ నాన్న. ఈ తేడా తెలియడమే భాష తెలియడం. దాన్ని గీకేసి మధ్యలో సమానం గుర్తు పెట్టి, దీన్నే భాషా పరిజ్ఞానం అంటున్నారు. ఆ లెక్కన మా ఊరి తోపుడుబండి దగ్గర ఉన్నదే అసలైన పర్యాయపదం. తెలుగులో గారె అన్నా, ఒడియాలో బరా అన్నా అదే దొన్నె, మీద అదే బఠాణీల గుగ్ని, అదే రేటు. అర మార్కు కొయ్యరు, పైగా ఇంకాస్త గుగ్ని పోస్తారు.

అదే పుస్తకంలో జగ్గర్‌నాట్ అని ఒక మాటుంది. దారిలో అడ్డొచ్చిందాన్నల్లా నలిపేసి పోయేది అని అర్థం రాశారు. వీడు పుటకి రెండు పక్కలా రాసి బట్టీపట్టాడు. ఒరే, అది మన పూరీ జగన్నాథుడేరా అంటే నమ్మడే! రథచక్రాల కింద భక్తులు పడి చస్తారని 14వ శతాబ్దంలో ఓ పాద్రీ రాసుకుపోయాడు. ఆ కథ ఊరి, ఉబ్బి, చివరికి ఆయన పేరు ఇంగ్లండులో పెద్ద లారీకి పెట్టారు. ఏటా రథం తాడు పట్టుకు లాగే కుర్రాడు, అదే దేవుణ్ణి నాలుగు ఆప్షన్ల మధ్య గుర్తుపట్టలేక అర మార్కు పోగొట్టుకోవాలి. మరి మన తెలుగు వాటా ఏమిటంటారా? చిన్నబుచ్చుకోకండి, మనమూ ఇంగ్లీషుకి ఒకటిచ్చాం. బాండికూట్. పందికొక్కు. ఇన్నేళ్ళ సాంగత్యంలో దొరలకి మన దగ్గర పేరు పెట్టి పిలవాలనిపించినవాటిలో అదొకటి.

మొన్న ఒకటో తారీఖున బ్యాంకుకి వెళ్ళాం. మా వీధి ముసలావిడొకామె పింఛను డబ్బు కోసం నిలబడి ఉంది. తెలుగు తప్ప రాదు. చేతిలో స్లిప్పు, స్లిప్పు మీద తెలుగు తప్ప మిగతావన్నీ ఉన్నాయి. కౌంటర్లో కొత్త కుర్రాడు "మిస్‌మ్యాచ్" అని స్లిప్పు బయటికి తోశాడు. ఆవిడ దాన్ని చీర చెంగుతో తుడిచి మళ్ళీ ఇచ్చింది. అక్షరం మీద మురికి ఉందనుకుంది పాపం. మళ్ళీ తోశాడు. మావాడు వెళ్ళి కొత్త స్లిప్పు నింపి, ఆవిడ బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించి, ఆవిడకి తెలుగులో, గుమాస్తాకి ఒడియాలో, కౌంటరు కుర్రాడికి హిందీలో చెప్పి పది నిమిషాల్లో డబ్బు ఆవిడ కొంగులో కట్టించాడు.

ఆ పనికే కదండీ ఆ ఉద్యోగం! ఆ పని చేతనైనవాడు కౌంటరుకి ఇవతల, మూడేళ్ళుగా, కటాఫ్‌కి ఒకటీ అరా తక్కువై. కౌంటరు కుర్రాణ్ణి ఏమనను? ఎక్కణ్ణుంచో వచ్చాడు, వాడూ నాలుగున్నరకి లేచినవాడే. కానీ మావాడికి భాష రాదని రాసిన ఆ కాగితం ఉంది చూశారూ, అది నా కంటబడితే చింపి కుంపట్లో వేస్తాను. 1936 ఏప్రిల్ 1న భాష పేరు మీద ఒడిశా రాష్ట్రాన్ని గీశారు, గీతకి ఇటు పడ్డాం, సరే. మా తెలుగు బడిలో పంతుళ్ళు ఒక్కొక్కరే రిటైరయ్యారు, ఆ కుర్చీల్లోకి మళ్ళీ ఎవరూ రాలేదు, అదీ సరే. పిల్లలు ఒడియాలో చదువుకున్నారు, హిందీ ఫోన్లో నేర్చుకున్నారు, ఇంట్లో తెలుగు వదల్లేదు. మూడు భాషల్లో మనిషికి పనికొచ్చే కుర్రాణ్ణి పట్టుకుని 'లాంగ్వేజ్ వీక్' అంటారా? సిగ్గుండాలి!

మా బావ పట్టు నేస్తాడు. ఆయన నోట్లో ఉన్న మాటల్లో వేటికీ పర్యాయపదాలు లేవు. పడుగు పడుగే, పేక పేకే, ఒకదాని బదులు ఇంకోటి పెడితే చీర లేదు. ఆ మాటలు కొడుక్కి చెప్పబోతే, "నాన్నా, ఇది సిలబస్‌లో లేదు" అన్నాడు. బావ ఏమీ అనలేదు. అనకపోవడానికి ఇంగ్లీషులో ఏదో మాటుంది, వాణ్ణడిగితే నాలుగు చెబుతాడు.

పోయిన వారం మగ్గం గుంటలో పందికొక్కు దూరింది. పట్టు జోలికి పోలేదు. వకాబ్ పుస్తకాన్ని మాత్రం 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా శుభ్రంగా తినేసింది. వీడు చిరిగిన అట్ట పట్టుకుని తల వంచుకు కూర్చుంటే, బావ మగ్గం మీద నాడె ఆపి ఓసారి గుంటలోకి, ఓసారి కొడుకు వైపు చూశాడు.

"ఈపాలి దాని పేరున ఫారం కట్టరా" అన్నాడు. "దానికింకా ఏజి ఉంది."