తుపాకి మందులో కొసరు వద్దు

వంకాయల బేరంలో కూడా కొసరు పుచ్చుకోనిదే కదలని డెల్టా అలవాటు సముద్రం దాటినా మనల్ని వదల్లేదు. అమెరికాలో రైఫిల్ తూటాలు ఇంట్లో నింపుకునే మనవాళ్ళు కనీసం ఆ బల్ల దగ్గరైనా దాన్ని వదులుకోవాలి. తూటాకి ఎంత మందు వేయాలో చెప్పే మాన్యువల్లో గరిష్ఠం 45 గ్రెయిన్లని (గ్రెయిన్ అంటే మందు తూచే చిన్న కొలత) ఉంటే, ఇంకో అర గ్రెయిన్ వేస్తే ఏమవుతుందండీ అని గ్రూపుల్లో అడుగుతున్నారు. ఎవరో ఒకరు ‘నాకేం కాలేదు’ అని జవాబు పెడుతున్నారు. ఆ జవాబు ఆయన రైఫిల్ గురించి చెబుతుంది, మీ రైఫిల్ గురించి కాదు.

మాన్యువల్లో ఉన్న గరిష్ఠం కూడా వాళ్ళు పరీక్షించిన బ్యారెల్‌కి, వాళ్ళు వాడిన కేసుకి (తూటా ఇత్తడి గొట్టం), ప్రైమర్‌కి (మందుని అంటించే చిన్న మూత), బుల్లెట్‌కి వచ్చినదే. .308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటాకి అమెరికా తయారీదారుల సంస్థ సామీ పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల ఒత్తిడి. ప్రయోగశాలలో దాన్ని కొలిచే పరికరం ఉంటుంది. మన గ్యారేజీలో ఉండదు. మనం కొలవగలిగింది వేగం ఒక్కటే. అందుకే ఆ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ లేనివాళ్ళు గరిష్ఠం దగ్గరికి పోనే కూడదని నా అభిప్రాయం.

గరిష్ఠానికి పది శాతం తక్కువలో మొదలుపెట్టాలి. మాన్యువల్ ప్రారంభ కొలత విడిగా ఇస్తే అదే వాడాలి. లెక్క కోసం 45 అనుకుంటే మొదలు 40.5. ఇవి ఉదాహరణకి వేసుకున్న అంకెలే, ఏ పౌడర్‌కీ (తుపాకి మందుకీ) కొలతలు కావు. .308 అంత కేసులో 0.3 గ్రెయిన్ల చొప్పున పెంచుతూ, మెట్టుకి మూడేసి తూటాలు కాల్చి వేగం రాసుకోవాలి. మాన్యువల్ గరిష్ఠానికి ఇచ్చిన వేగం మీకు 43.8 దగ్గరే వచ్చేసిందా, మీ గరిష్ఠం అదే. అక్కడితో ఆగాలి. అదనపు వేగం ఊరికే రాదు, ఒత్తిడి వల్లే వస్తుంది. పోల్చేముందు బ్యారెల్ పొడవు చూసుకోవాలి. వాళ్ళది 24 అంగుళాలు, మీది 20 అయితే అదే తూటాకి మీ దగ్గర వేగం తగ్గాలి, సమానం కాకూడదు. ఇక 45 వేసినా వేగం రాలేదనుకోండి, అప్పుడూ ఆగాల్సిందే. ఎక్కువమంది జారేది ఇక్కడే. మీ బ్యారెల్ నెమ్మదిదైతే కావచ్చు, అది ఇంకా పోయమని ఇచ్చిన అనుమతి కాదు.

ప్రైమర్ చదును కాలేదు కాబట్టి పర్వాలేదనే మాటకి విలువ తక్కువ. ప్రైమర్ లోహం మెత్తనైతే మామూలు ఒత్తిడికే చదునవుతుంది, గట్టిదైతే హద్దు దాటినా గుండ్రంగానే ఉంటుంది. బ్యారెల్‌ని వెనక మూసే బోల్ట్ లేపడానికి బరువైనా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి నెట్టే భాగం) ముద్ర మెరిసినా హద్దు అప్పటికే వెనకబడిపోయిందని అర్థం.

ఒక్క భాగం మార్చినా మళ్ళీ కిందనుంచే మొదలు. సైన్యానికి చేసిన 7.62 కేసుల్లో ఇత్తడి మందంగా ఉండి లోపలి జాగా తగ్గుతుంది, అదే కొలతకి ఒత్తిడి పెరుగుతుంది. పూర్తి రాగి బుల్లెట్ అదే బరువులో పొడవుగా ఉండి కేసులోకి ఎక్కువ దిగుతుంది. దానికి మాన్యువల్లో విడిగా ఇచ్చిన డేటాయే చూడాలి. బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడులకి ఆనుకునేలా కూర్చోబెట్టినా ఒత్తిడి పెరుగుతుంది. .308 కేసు 2.015 అంగుళాలు దాటి సాగితే ఛాంబర్ (బ్యారెల్లో తూటా కూర్చునే చోటు) దాని మూతిని నొక్కి బుల్లెట్‌ని బిగించేస్తుంది, అందుకే 2.005కి కోసుకోవాలి. భయపడి ప్రారంభ కొలతకంటే బాగా తగ్గించడం కూడా క్షేమం కాదు. నెమ్మదిగా కాలే పౌడర్ కేసులో వెలితిగా ఉంటే ఒత్తిడి అనూహ్యంగా ఎగిరిన సందర్భాలున్నాయి.

బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలి. ఐఎమ్ఆర్ 4350, హెచ్4350 పేర్లలో అంకె ఒకటే గాని పౌడర్లు వేరు, డేటా వేరు. పని అయ్యాక హాపర్లో (మందు పోసి కొలిచే గిన్నెలో) మిగిలింది అసలు డబ్బాలోకే పోవాలి. ఏ పౌడరో తెలియనిది వాడకూడదు. వాడదాం అనిపించినా సరే. త్రాసు గ్రెయిన్లలోనే ఉందో, గ్రాముల్లోకి మారిందో మొదట చూడాలి. తులానికి 180 గ్రెయిన్లు, అంటే మనం తూచే 0.1 గ్రెయిన్ ఆరున్నర మిల్లీగ్రాములు. ఫ్యాన్ గాలికే అంత తేడా వచ్చేస్తుంది. పరీక్ష తూనికరాయితో మొదట్లోనూ మధ్యలోనూ సరిచూడాలి. బుల్లెట్లు పెట్టేముందు ట్రేలోని కేసులన్నిటిలోకీ టార్చ్ వేసి మట్టాలు పోల్చాలి.

మినెసోటా జనవరిలో సరిపోయిన తూటా టెక్సాస్ జులైలో సరిపోకపోవచ్చు. రోహిణి కార్తె ఎండలో రాజమండ్రి చూసినవాళ్ళకి వేడంటే వేరే చెప్పక్కర్లేదు. చాలా పౌడర్లు వేడికి ఒత్తిడి పెంచుతాయి. గరిష్ఠానికి అంటిపెట్టుకుని చేసిన తూటా కారు డాష్‌బోర్డు మీద ఉంటే ఆ కాస్త వెసులుబాటూ పోతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళకి మరో రెండు మాటలు. లైసెన్సుతో డబుల్ బ్యారెల్ షాట్‌గన్ (గుళ్ళు కాల్చే తుపాకి) ఉన్న పెదనాన్నగారు తూటాలు నింపిపెట్టమంటే మర్యాదగా కాదనండి. భారత ఆయుధాల చట్టం 1959 ప్రకారం తూటా తయారీకి వేరే లైసెన్సు కావాలి, తుపాకి లైసెన్సు దానికి చాలదు. పైగా షాట్‌గన్ తూటాకి పైన చెప్పిన మెట్ల పద్ధతి పనికిరాదు. డేటాలో ఉన్న కేసు, వాడ్ (మందుకీ గుళ్ళకీ మధ్య పెట్టే అడ్డు), ప్రైమర్, మందు, గుళ్ళ బరువు ఉన్నవి ఉన్నట్టే వాడాలి. ఇక రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగుని విమాన ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో ఉండిపోయిన ఒక్క తూటా మధురపూడిలోనో శంషాబాద్‌లోనో స్కానర్లో కనబడితే పోలీసు కేసే. తెలియక ఉండిపోయిందని కోర్టులు కొట్టేసిన కేసులున్నాయి గాని, ఈలోగా తిరుగు టికెట్టు తేదీ దాటిపోతుంది.