రెండు వేల వాట్ల బావగారు

వాక్యూమ్ క్లీనర్ కొనడానికి షోరూముకు వెళ్లిన తెలుగు మగవాడు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" రెండో ప్రశ్న ఉండదు. 1200 అని చెబితే ఆ డబ్బా వైపు జాలిగా చూస్తాడు. 1600 అంటే తల పంకిస్తాడు. 2000 అంటే మాత్రం ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఎక్కువ వాట్లుంటే ఇల్లు ఎక్కువ శుభ్రపడుతుందన్నది మన దేశంలో పార్టీలకతీతంగా అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం. దాన్ని నేను కాదనబోవడం లేదు. దాని ప్రకారం మన ఇళ్లలో అన్నిటికన్నా బాగా ఊడ్చేది బాత్రూము గోడకు వేలాడే గీజరు. దానికి 2000 వాట్లుంటాయి, పైగా చప్పుడు కూడా చేయదు. తర్వాతి స్థానం ఇస్త్రీ పెట్టెది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను సోఫా కింద దూర్చి చూసినవాళ్లెవరూ ఇంకా ముందుకు రాలేదు గానీ, లెక్క ప్రకారం ఫలితం బాగానే రావాలి.

వాట్లంటే మోటారు తినే కరెంటు. అది పీల్చే బలం కాదు. ఎక్కువ తినేవాళ్లంతా ఎక్కువ పని చేయరన్నది ఆఫీసుకు వెళ్లే ప్రతివాడికీ తెలిసిన విషయమే అయినా, షోరూములో ఎందుకో గుర్తుకు రాదు. పీల్చే బలాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు. పైపులోంచి గాలి ఎంత పోతోందో నిమిషానికి ఇన్ని లీటర్లని చెబుతారు. ఈ రెండూ తగినంత ఉంటేనే దుమ్ము కదులుతుంది. పైపు మూతిని అరచేత్తో మూసేస్తే పీల్చుడు బ్రహ్మాండంగా ఉంటుంది, గాలి మాత్రం సున్నా. షోరూము కుర్రాడు మన చేత చేయించేది సరిగ్గా ఆ పనే. "చెయ్యి పెట్టండి సార్. లాగుతోందా సార్?" లాగుతుంది నాయనా. కానీ మా సోఫా కింద ఉండేది దుమ్ము, అరచేతులు కాదు.

మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఒక బావగారున్నారు. ఆయన నాకు బావ కారు, బిల్డింగు మొత్తానికి బావగారు. ప్రతి బిల్డింగులోనూ ఒకరుంటారు కాబట్టి మీకు వేరే పరిచయం అక్కర్లేదు. రెండు పడగ్గదులు, ఒక హాలు, ఆ హాల్లోనే డైనింగ్ టేబులు. ఆ ఇంటికి ఆయన 2000 వాట్లది, ఇరవై లీటర్ల డ్రమ్ముది తెచ్చారు. ఇరవై లీటర్ల చెత్త ఆ ఇంట్లో పోగవ్వాలంటే వాళ్లబ్బాయి పెళ్లీడుకు రావాలి. డబ్బా మీద అచ్చేసిన పద్నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదిని కొట్టేసి ఆరు వేలకే ఇచ్చారట. దాంతో తొమ్మిది వేలు మిగిల్చానని ఆయన లిఫ్టులో ఎక్కిన ప్రతివారికీ చెప్పారు.

ప్రారంభోత్సవం ఆదివారం. పెట్టె విప్పితే లావు పిన్నుల పెద్ద ప్లగ్గు బయటపడింది. హాల్లో స్విచ్ బోర్డులన్నీ చిన్నవి. వాటిని తప్పు పట్టడానికి లేదు. చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. 230 వోల్టులతో లెక్కేస్తే 1380 వాట్ల దగ్గర దాని ఓపిక అయిపోతుంది. 2000 వాట్ల యంత్రం తొమ్మిదికి దగ్గరగా ఆంపియర్లు అడుగుతుంది. దానికి పవర్ ప్లగ్ కావాలి. ఆ ఇంట్లో పవర్ ప్లగ్గులు ఎక్కడున్నాయంటే, పడగ్గదిలో ఏసీ కోసం నెత్తి మీద ఒకటి, బాత్రూములో గీజరుకొకటి, వంటింట్లో ఒకటి. హాల్లో పెట్టాలన్న ఆలోచన బిల్డరుకు రాలేదు.

వంటింట్లో పెట్టారు. వైరు అయిదు మీటర్లు. డబ్బా చక్రాల మీద హుందాగా బయల్దేరి డైనింగ్ టేబులు కాలు దాకా వచ్చి ఆగిపోయింది. పైపు చాచినా సోఫా అందలేదు. అప్పుడు బావగారు ఒక క్షణం ఆలోచించి, యంత్రం సోఫా దగ్గరికి వెళ్లలేనప్పుడు సోఫాయే యంత్రం దగ్గరికి రావాలని నిర్ణయించారు. అబ్బాయి ఒక పక్క, వాచ్‌మన్ ఒక పక్క పట్టుకుని తెచ్చారు. సోఫా అయ్యాక పరుపు. పరుపు అయ్యాక రెండో పడగ్గది పరుపు. కర్టెన్లు రాడ్లతో సహా విప్పి, వరసలో నిలబెట్టారు. కింది ఫ్లాట్ మామ్మగారు, ఎవరో ఇంట్లో బోరు వేయిస్తున్నారని కంగారుపడి వాచ్‌మన్‌ని కేకేశారు. వాచ్‌మన్ అప్పటికి పరుపు కింద ఉన్నాడు.

"ఇక ఫ్యాన్ల సంగతి చూడాలి," అన్నారు బావగారు.

"ఫ్యాను ఇక్కడికెలా తెస్తాం నాన్నా?" అన్నాడు అబ్బాయి.

"ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యి."

ఇంత జరుగుతుండగా అక్కయ్య, అంటే బావగారి భార్య, హాల్లో సోఫా లేచిన చోట కొండచీపురు తీసుకుని నెమ్మదిగా ఊడ్చేశారు. సోఫా పెళ్లయిన కొత్తల్లో కొన్నది. కింద నుంచి పెన్ను మూతలు, పల్లీలు, ఒక చెవి రింగు, బూజు పట్టిన బిస్కెట్టు, రిమోటు వెనక మూత వచ్చాయి. మంచాలు ఖాళీ అయ్యాయి గనక మంచాల కింద కూడా ఊడ్చేశారు. ఆ రోజు ఇల్లు నిజంగానే అద్దంలా తయారైంది. ఆ ఘనత 2000 వాట్లకే దక్కింది.

మర్నాడు ఎక్స్‌టెన్షన్ బాక్సు వచ్చింది. అదీ ఆరు ఆంపియర్లదే. పెద్ద పిన్నుల్ని చిన్న రంధ్రాల్లోకి పంపే కన్వర్షన్ ప్లగ్గు ఒకటి బజార్లో వంద రూపాయల లోపే దొరుకుతుంది. బావగారు దాన్ని తగిలించి స్విచ్ వేశారు. కాసేపటికి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. "పవర్ అంటే అదీ," అన్నారాయన. నవ్వకండి. ఇళ్లలో నిప్పంటుకునేది ఇలాంటి చోటే.

యూరప్ వాళ్లకు మన సిద్ధాంతం ఇంకా అందలేదు. 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు దాటిన వాక్యూమ్ క్లీనర్లను మార్కెట్లోకి రానివ్వలేదు. 2017 సెప్టెంబరులో ఆ గీతను 900 దగ్గరికి దించారు. 80 డెసిబెల్స్ దాటి అరవకూడదని కూడా అన్నారు. అక్కడి ఇళ్లలో కార్పెట్లు, పైగా కుక్కలు, పిల్లులు. అంతటి జూలును 900 వాట్లతో లాగించుకుంటున్నారు. మనకు నున్నటి టైల్సు, నోటితో ఊదితే లేచిపోయే దుమ్ము. కాబట్టి మనకు 2000 కావాలి. అన్నట్టు, 2014లో ఆ నిబంధన వస్తోందనగానే బ్రిటన్ జనం పెద్ద మోటార్ల కోసం దుకాణాల మీద పడ్డారు. బావగార్లకు పాస్‌పోర్టుతో పని లేదు.

ఇంట్లో వాడే ఈ యంత్రానికి మూలపురుషుడు ఎవరో షోరూముల్లో ఎవరూ చెప్పరు. ఆయనకు ముందు, 1901లో, లండన్‌లో బూత్ అనే ఇంజనీరు చేసినది గుర్రబ్బండి మీద వచ్చేది. దాన్ని వీధిలో నిలబెట్టి పైపుల్ని కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. కనీసం సోఫాను వీధిలోకి మోయించలేదు. ఇంట్లో ఒక్క మనిషి పట్టుకుని నడిపేదాన్ని తయారుచేసింది మాత్రం అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్లో ఒక పెద్ద దుకాణం ఊడ్చే మనిషి, జేమ్స్ మర్రే స్పాంగ్లర్. ఆయనకు ఉబ్బసం. ఊడ్చిన ప్రతిసారీ దుమ్ము లేచి ఊపిరి ఆడేది కాదు. ఫ్యాను మోటారు, సబ్బు పెట్టె, చీపురు కర్ర, దుమ్ము పట్టడానికి దిండు గలీబు కలిపి ఒకటి కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. తర్వాత హక్కులు హూవర్ అనే వ్యాపారి కొనుక్కున్నాడు, పేరూ ఆయనదే నిలిచింది. ఆ సంగతి అలా ఉంచండి. ఊడ్చేవాడు తన ఊపిరి కోసం చేసుకున్న వస్తువు అది.

ఇప్పుడు ఆ వస్తువు డబ్బా మీద రాసే అంకె ఎవరి కోసం? ఊడ్చేవాళ్ల కోసం కాదు. జన్మలో చీపురు పట్టనివాడి కోసం. బరువెంత, పైపు నడుము వంచకుండా నేలకు ఆనుతుందా, చెత్త పారబోయడం ఎంతసేపు, ఈ మూడూ ఊడ్చే మనిషికి కావలసిన సంగతులు. ఇవి డబ్బా అడుగున చీమంత అక్షరాల్లో ఉంటాయి, లేదా ఉండవు. వాట్లు మాత్రం ముందు వైపు, బెత్తెడు ఎత్తున.

మన ఇళ్లలో అసలు ఊడ్చేదెవరు? పొద్దున్నే అయిదు ఇళ్లు తిరిగి వచ్చే పనావిడ. పొట్టి చీపురు, వంగిన నడుము, ఇంటింటికీ అదే దుమ్ము. అదే ఇంట్లో అటక మీద 2000 వాట్లది అట్టపెట్టెలో పడుకుని ఉంటుంది. ఆవిడకు ఇవ్వొచ్చు కదా అని అడిగి చూడండి. అన్ని ఇళ్లలో ఒకే జవాబు: "అమ్మో, పాడుచేస్తుందండీ."

పాడుచేస్తుందా? మీ మిక్సీ ఆవిడ చేతిలోనే తిరుగుతోంది. మీ వాషింగ్ మిషన్ ఏ బట్టకు ఏ నంబరు మీద తిప్పాలో మీకు తెలీదు, ఆవిడకు తెలుసు. జ్వరమొచ్చిన మీ పిల్లను ఎత్తుకుని తిరిగింది ఆవిడే. అప్పుడు పాడుచేస్తుందని గుర్తు రాలేదు. ఆవిడ నడుము పాడైతే పరవాలేదు, దానికి వారంటీ అడిగేవాడు లేడు. మిషన్ పాడవకూడదు. నెలకు మూడొందలు పెంచమని అడిగితే ఇంట్లో బడ్జెట్ సమావేశం పెడతారు, కింది ఫ్లాటువాళ్లు ఎంతిస్తున్నారో వాకబు చేస్తారు. అదే డబ్బాకైతే "ఆఫర్ రాత్రి పన్నెండుకు అయిపోతుంది" అన్న ఒక్క ముక్క చాలు, కార్డు గీకేస్తారు. ఆ రాత్రి పన్నెండు మర్నాడు పొద్దున మళ్లీ మొదలవుతుంది. ఇలాంటి దొంగ తొందరను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లోనే తప్పుల జాబితాలో చేర్చింది. ఆ గడియారం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. సిగ్గు లేనిది గడియారానికా, మనకా అంటే చెప్పడం కష్టం.

సరే. చిన్న ఇంటికి ఏది కొనాలంటారా? ముందు, కొనేవాళ్లు కాకుండా ఊడ్చేవాళ్లు షోరూముకు వెళ్లాలి. ఒంటి చేత్తో ఎత్తి నాలుగు అడుగులు నడవాలి. ప్లగ్గు చిన్నదై ఉండాలి. నేల సంగతికొస్తే, టైల్స్ మీద చీపురును ఓడించే యంత్రం మూడు వేలకు రాదు, ఆ ఆశ వదులుకోండి. చీపురు చేయలేనివి వేరే ఉన్నాయి: పరుపు కుట్ల మధ్య, సోఫా మూలలు, కిటికీ పట్టాల సందులు, ఫ్యాను రెక్కల పైభాగం, కర్టెన్ల మడతలు. వీటికి 800 వాట్లో, వెయ్యి వాట్లో ఉన్న వైరు మిషన్, ఒక పొడుగు గొట్టం, సన్నటి మూతి ఒకటి చాలు. నీళ్లు కూడా పీల్చే "వెట్ అండ్ డ్రై" మీకెందుకు? మీ ఇల్లు హోటలు కాదు. పదకొండు అటాచ్‌మెంట్లలో తొమ్మిదింటి పేర్లు మీకు ఎప్పటికీ తెలియవు. వైరు లేనివి ముచ్చటగానే ఉంటాయి గానీ, డబ్బా మీద చెప్పే నలభై నిమిషాలు మెల్లగా పీల్చినప్పటి లెక్క. గట్టిగా పీల్చమంటే పది నిమిషాలకు నీరసపడతాయి. రెండు మూడేళ్లకు బ్యాటరీ పోతే దాని ధర విని మీరు నీరసపడతారు.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే సంచి ఉన్నదే తీసుకోండి. సంచి లేనిదాన్ని దులిపితే పీల్చిన దుమ్ములో కొంత మళ్లీ ముక్కులోకే వస్తుంది. హెపా అంటే మరీ సన్నటి దుమ్మును కూడా ఆపే ఫిల్టరు. ఫిల్టరు "హెపా టైపు" అని రాసుంటే అది హెపా కాదని అర్థం. హెచ్13 అని గ్రేడు రాసి ఉండాలి.

అన్నిటికన్నా ముందు అడగవలసింది ఫిల్టరు విడిగా దొరుకుతుందా, ఎంత అని. ఈ ఒక్క మాటకు షోరూము మొత్తం నిశ్శబ్దమైపోతుంది. మా ఇంట్లో ఒకటి మోటారు నిక్షేపంలా ఉండగానే మూలపడింది. కారణం, అరచేతి వెడల్పున్న స్పాంజి ముక్క. కంపెనీకి ఫోన్ చేస్తే "ఆ మోడల్ ఆగిపోయింది సార్, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నారు. ఎక్స్ఛేంజ్ విలువ చెప్పాక నేను ఇంకేమీ మాట్లాడలేదు.

బావగారు ఇప్పుడు రోబో కొన్నారు. దాని మీద 4000 పాస్కల్స్ అని రాసి ఉంది. అంటే నాలుగు కిలోపాస్కల్స్. నాలుగు అని రాస్తే ఎవరూ కొనరు. ఆయన మాత్రం దాన్ని పాత 2000 పక్కన పెట్టి, "సరిగ్గా డబుల్ అండీ" అని లిఫ్టులో చెబుతున్నారు. రోబో హాలంతా తిరిగి, శుక్రవారం పూట పూజగది గడప ముందరి ముగ్గు మొత్తం తినేసి, గడప ఎక్కలేక అక్కడే ఆగిపోయింది. ఆగిపోయి, ఆఫీసులో ఉన్న బావగారి ఫోనుకు "నేను ఇరుక్కుపోయాను, సాయం చేయండి" అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టింది. ఆయన దాన్ని "కాస్త చూడు" అని రాసి అక్కయ్యకు ఫార్వర్డ్ చేశారు. సాయంత్రం దాకా నీలం టిక్కులు పడలేదు.