లెన్స్ డబ్బాకి ఒంటికంటి నమస్కారాలు

మహారాజశ్రీ కాంటాక్ట్ లెన్స్ డబ్బా గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, నా ఉభయ నేత్రాల్లో కుడిదొక్కటే కుశలం. ఎడమది తమరి దయ.

ఈ మధ్యాహ్నం కంటాసుపత్రిలో మూడున్నర గంటలు కూర్చోబెట్టారు. నల్లగుడ్డు మీద పుండుని కాస్త గీకి, మైక్రోస్కోప్ కింద బూజు పోగులు చూసి డాక్టరమ్మ అడిగింది: "పొలం పనికి వెళ్తుంటారా?"

మనవైపు కంటికి బూజు పట్టేది ఎక్కువగా రైతులకేనట. వరాకు గీసుకునో, ఊక పడో. అనకాపల్లి దగ్గర మా తాతయ్య జీవితమంతా చెరకు నరికాడు, కంట్లో నలుసు తప్ప ఎరగడు. ఆయన మనవణ్ణి, మద్దిలపాలెంలో ఏసీ కింద కూర్చునేవాణ్ణి, కోతకూలీ జబ్బు తెచ్చుకున్నాను. సిగ్గేసి "అప్పుడప్పుడూ" అనేశాను. పక్కనే అమ్మ: "వాడి మొహం! వాడికి వరికీ గడ్డికీ తేడా తెలీదమ్మా. లెన్సులు పెడతాడు."

తమరి వంశానికి ఇది కొత్తేం కాదట. 2006లో బాష్ అండ్ లాంబ్ కంపెనీ వాళ్ళ, లెన్సులు నానబెట్టే సొల్యూషన్ ఒకటి వాడినవాళ్ళకి ఇలాగే ఫ్యూజేరియం అనే బూజు పట్టుకుంటే, దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో తేలిన 164 కేసుల్లో మూడోవంతు మందికి కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, మార్పిడి దాకా వెళ్ళింది. పాత సొల్యూషన్ పారబోయకుండా దానిమీదే కొత్తది పోసేవాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువట.

నేను పోసిందీ అలాగే. సీసా ఖరీదు చూసి.

అయినా, మూణ్ణెల్లకి మార్చాల్సిన నిన్ను మూడేళ్ళు సాకానే! బోర్లించి ఆరబెట్టలేదు, నిజమే. మన విశాఖ గాలికి వేయించిన అప్పడమే నిమిషంలో మెత్తబడుతుంది, బాత్రూంలో నువ్వెక్కడ ఆరతావు? ఎర్రబడిన రోజే చెప్పొచ్చుగా? మందులషాపు కుర్రాడు స్టెరాయిడ్ చుక్కలిచ్చాడు, బూజుకి పాలు పోసినట్టయింది. "కంట్లో పువ్వేసింది" అని అమ్మ ఏడుస్తుంటే, పక్కింటి పిన్నిగారు నందివర్ధనం పట్టుకొచ్చారు. పువ్వు మీద పువ్వట!

ఇప్పుడు గంటగంటకీ నాటమైసిన్ అనే బూజుమందు చుక్కలు. రాత్రీ పగలూ. సున్నపుతేటలా రెప్పల నిండా తెల్లగా పేరుకుంటుంది. తెల్లారగట్ల మూడింటికి అలారం మోగితే ఇల్లంతా లేస్తోంది, నీ మొహం మండ!

నిన్ను కూడా కల్చర్‌కి, అంటే బూజు పెంచి చూసే పరీక్షకి, అడిగారు, ఇచ్చొచ్చాను. పరీక్షయ్యాక పట్టుకెళ్తారా అన్నాడు ల్యాబ్ అబ్బాయి.

అక్కర్లేదన్నాను.

ఇట్లు,
ఎడమకంటికి గంత కట్టుకున్నవాడు