కొత్త మారియోకు ఆ మార్కులు వేసింది పాత జ్ఞాపకాలు కాదు

కడప కుర్రాళ్ల గేమింగ్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ చాన్నాళ్లుగా తిరుగుతోంది. ఒకరు పెడితే పదిమంది దాన్ని ఇంకో పది గ్రూపుల్లోకి తోస్తున్నారు. ‘సూపర్ మారియో బ్రదర్స్ వండర్’ ఆటకు రివ్యూయర్లు వేసినవన్నీ దొంగ మార్కులని దాని సారాంశం. నింటెండో కంపెనీ తీసిన ఆ ఆట 2023 అక్టోబర్ 20న ఆ కంపెనీ గేమ్ డబ్బా స్విచ్ మీద వచ్చింది. పేరున్న రివ్యూలన్నిటినీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ సైట్‌లో దానికి నూటికి 92. మెసేజ్ రాసినాయన మంటంతా ఈ 92 మీదే. ఆయన చెప్పేది ఇదీ: ఆట పాతదే, కొత్తగా ఏమీ లేదు, రివ్యూలు రాసేవాళ్లంతా చిన్నప్పుడు మారియో ఆడినవాళ్లు కాబట్టి ఆ మమకారంతో మార్కులు గుమ్మరించారు, నింటెండో కూడా వాళ్లను గుప్పిట్లో పెట్టుకుంది, పైగా అది చిన్నపిల్లల ఆట, డబ్బులు పెట్టి ఆడినవాళ్లు తిప్పికొట్టారు, అందుకని ఎవరూ కొనొద్దు.

కొనొద్దన్న మాటతో నాకు పెద్ద పేచీ లేదు. దానికి ఆయన చూపించిన కారణాలతోనే పేచీ.

ముందు ‘అదే పాత ఆట, ఎడమ నుంచి కుడికి పరుగెత్తడమే కదా’ అన్నది చూద్దాం. మిగతా వాదనంతా దీని మీదే నిలబడింది. పరుగెత్తడం నిజమే. 1985 సెప్టెంబర్‌లో జపాన్‌లో వచ్చిన మొదటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లోనూ అదే పరుగు. ఎనిమిది వరల్డులు, ఒక్కోదాంట్లో నాలుగు లెవెళ్లు, మొత్తం 32. అదంతా 40 కిలోబైట్లలో కుదించారు. పైపులోకి దిగితే ఇంకో చోట తేలడం, పుట్టగొడుగు తింటే పెద్దవాడవడం, పువ్వు తగిలితే నిప్పులు విసరడం మనకు కంఠతా వచ్చిన సంగతులే.

వండర్‌లో ఏం జరుగుతుందో మొదటి లెవెల్లోనే తెలిసిపోతుంది. సగం దూరం పోయాక ఒక పువ్వు కనిపిస్తుంది. ముట్టుకోగానే అప్పటిదాకా కదలకుండా నిలబడ్డ పచ్చ పైపులు వానపాముల్లా ముడుచుకుంటూ, సాగుతూ నడవడం మొదలుపెడతాయి. నలభై ఏళ్లుగా ఆ ఆటలో గోడతో సమానమైన వస్తువు పైపు. అది కదిలితే ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు దూకాలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. రెండో లెవెల్లో పైపుల్లోంచి తల బయటపెట్టి కరిచే మొక్కలు ఏకంగా బయటికొచ్చి పాట పాడుకుంటూ వరసగా ఊరేగింపు పోతాయి. వాటి మధ్యలోంచి మనం దూకుతూ పోవాలి. ఇంకో చోట ఎద్దుల మంద దుమ్ము రేపుకుంటూ వస్తుంది. దాని వీపు మీద ఎక్కి అడ్డమొచ్చినవన్నీ పగలగొట్టుకుంటూ పోవడమే. నాకు బాగా నచ్చింది మాత్రం ఈ మూడూ కాదు. ఒక లెవెల్లో మారియోనే గూంబా అయిపోతాడు. గూంబా అంటే మొదటి ఆటలో మనం మొట్టమొదట తొక్కి చంపే గోధుమరంగు జీవి. ఇప్పుడు మనమే అది. సరిగా ఎగరలేం, కొట్టలేం. పెద్ద పెద్ద నోళ్లతో తిరిగే జంతువుల కంటపడకుండా పొదల వెనక నక్కుతూ పోవాలి. ఎన్నేళ్లు తొక్కామో ఆ పాపమంతా అక్కడ తీరుతుంది.

ఇదంతా గాలివాటంగా వచ్చింది కాదు. 1985 ఆటకు మారియోను సృష్టించిన షిగెరు మియమోటోతో పాటు పనిచేసిన తకాషి తెజుకానే దీనికి ప్రొడ్యూసర్. డైరెక్టర్ షిరో మౌరి. నింటెండో వాళ్లు ప్రచురించిన సంభాషణలో ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో చెప్పారు. పైపులో దిగి ఇంకో చోటికి పోవడం ఎందుకు, ఉన్న చోటే మారిపోతే ఎలా ఉంటుంది అన్న ప్రశ్న తెజుకాది. తర్వాత టీమ్‌లో అందరి చేతా ఆలోచనలు రాయిస్తే రెండు వేలు దాటాయి. వాటిలోంచి ఏరి, నమూనాలు చేసి చూసి, బాగా లేనివి పారేశారు. పాత ఆటల్లో పైన తరుగుతూ నెత్తి మీద కూర్చునే టైమ్ కూడా తీసేశారు. దాంతో మూలమూలా వెతుక్కునే తీరిక వచ్చింది. రివ్యూలు చదివితే ఎక్కువమంది మెచ్చుకున్నది సరిగ్గా ఇదే: తర్వాతి లెవెల్లో ఏముందో ఊహించలేకపోవడం. పాతదాన్ని పాతగా ఉంచినందుకు పడ్డ మార్కులు కావివి.

ఇక మమకారం సంగతి. చిన్ననాటి గుర్తులకే మార్కులు పడేటట్టయితే మారియో ఆటలన్నిటికీ పడాలి కదా. అలా జరగలేదు. 2006లో ‘న్యూ సూపర్ మారియో బ్రదర్స్’ వచ్చింది, 89. 2009లో వీ అనే నింటెండో గేమ్ డబ్బా మీద వచ్చినదానికి 87. 2012లో ఒకే ఏడాది రెండు దించారు. నవంబర్‌లో దాని తర్వాతి డబ్బా వీ యూ కోసం వచ్చినదానికి 84, దానికి కొన్ని నెలల ముందొచ్చిన ‘న్యూ సూపర్ మారియో బ్రదర్స్ 2’కు 78. ఈ చివరిదాంట్లో పది లక్షల నాణేలు పోగేయడమే కొత్తదనం. అదే మీసం, అదే ఎర్ర టోపీ, చెవికి అలవాటైన అదే బాణీ. రాసినవాళ్లలో కూడా అప్పటికే మారియోతో పెరిగినవాళ్లు బోలెడుమంది. అయినా ‘మళ్లీ అదే వడ్డించారు’ అని మొహమాటం లేకుండా రాశారు. ఆ ఫార్వర్డ్‌లో వండర్ మీద వేసిన నింద వండర్‌కు పదకొండేళ్ల ముందే రివ్యూయర్లు వేరే మారియో మీద వేశారన్నమాట. నింటెండో ఆ తర్వాత, ఫోన్ ఆటనూ లెవెళ్లు మనమే కట్టుకునే ఆటనూ పక్కన పెడితే, ఆ వరుసలో చాలా ఏళ్లు కొత్తది తేలేదు. 2012 నాటి వీ యూ ఆటనే 2019లో స్విచ్‌కు మార్చి అమ్మింది.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఒకటుంది. వండర్‌కు సరిగ్గా మూడు రోజుల ముందు, 2023 అక్టోబర్ 17న, ‘సోనిక్ సూపర్‌స్టార్స్’ వచ్చింది. సోనిక్ 1991 నుంచి ఉన్నవాడు. జనానికి మారియో మీద ఎంత మమకారం ఉందో ఆ నీలిరంగు ముళ్లపంది మీదా అంత ఉంది. రెండు ఆటలకూ ఒకే వారంలో రివ్యూలు పడ్డాయి, చాలాచోట్ల అవే సంస్థల్లో. సోనిక్‌కు డెబ్బై అయిదుకు అటూ ఇటూ వచ్చింది. బాస్ ఫైట్లు, అంటే పెద్ద విలన్లతో పోరాటాలు, సాగదీశారని, ఒక్క తప్పు చేస్తే మళ్లీ అంతసేపూ ఎదురుచూడాల్సి వస్తోందని ఫిర్యాదు. పోనీ సోనిక్ అంటేనే వాళ్లకు పడదా అంటే అదీ కాదు. ఆ ఆటల అభిమానులుగా మొదలై డెవలపర్లయినవాళ్లు చేసిన ‘సోనిక్ మేనియా’కు 2017లో ఎనభైల్లో మార్కులు వచ్చాయి. మమకారం మూడుచోట్లా ఒకటే, మార్కులు మాత్రం మూడు రకాలు.

అసలు మమకారం గురించి మాట్లాడాల్సి వస్తే మనది ఇంకో కథ. కడపలో మా తరం మారియోను నింటెండో డబ్బాలో చూడలేదు. టీవీ గేమ్ అని అమ్మిన నకిలీ డబ్బాల్లో చూశాం. క్యాసెట్ మీద తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల చిల్లర ఆటలని రాసుంటుంది. లోపల ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మెనూలో కిందికి పోతే అదే మారియో ఇంకో పేరుతో మళ్లీ మళ్లీ తగులుతుంది. ఒకదాంట్లో నడిమి లెవెల్ నుంచి మొదలు, ఇంకోదాంట్లో లైఫులు ఎక్కువ. అలా ఆడి పెరిగిన మనకు ‘పాత మారియో’ అంటే ఒకే లెవెల్ని పది పేర్లతో ఆడటం. ఆ లెక్కన చూస్తే ప్రపంచంలో ప్రతి ఆటా పాతదిగానే కనిపిస్తుంది.

‘నింటెండో వాళ్లను కొనేసింది’ అన్న అనుమానం మాత్రం ఊరికే పుట్టింది కాదు. 2007లో గేమ్‌స్పాట్ అనే రివ్యూల సైట్‌లో పనిచేసే జెఫ్ గెర్‌స్ట్‌మన్ ‘కేన్ అండ్ లించ్’ అనే ఆటకు పదికి ఆరు వేశాడు. ఆ ఆట ప్రకటనలు అదే సైట్ నిండా ఉన్నాయి. ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనలిచ్చేవాళ్ల ఒత్తిడి వల్లే తీసేశారని 2012లో ఆయనే బయటికి చెప్పాడు. కాబట్టి ఒత్తిళ్లే ఉండవని నేను అనను. అనుమానం వేరు, రుజువు వేరు. వండర్ విషయంలో ఆ మెసేజ్‌లో చూపించిన రుజువు ఒక్కటే: ‘ఆట విడుదలకు ముందే వాళ్లకు ఉచితంగా ఇచ్చారు’. అలా ఇవ్వడం అన్ని కంపెనీలూ చేసే పనే. ఫలానా రోజు, ఫలానా గంట దాకా ఏమీ బయటపెట్టకూడదని షరతు కూడా ఉంటుంది. అందుకే రివ్యూలన్నీ ఒకేసారి కురుస్తాయి. సోనిక్‌కూ ముందే ఇచ్చారు, మార్కులు రాలేదు. నింటెండోకే మార్కులు కొనుక్కునే ఉపాయం ఉంటే అదే 2023 జూన్ చివర్లో తెచ్చిన ‘ఎవ్రీబడీ 1-2-స్విచ్’ను రివ్యూయర్లు ఉతికి ఆరేసేవాళ్లు కాదు. ఒకే ఏడాది ఒకదానికి డబ్బులిచ్చి ఇంకోదానికి మరిచిపోయారా?

92 అన్న అంకెను కూడా మెసేజ్ రాసినాయన తప్పుగా పట్టుకున్నారు. ఇంటర్ మార్కుల్లాగా నూటికి ఎనిమిదే తప్పులున్నాయని దాని అర్థం కాదు. అది సగటు, అదీ కొన్ని సంస్థలకు ఎక్కువ బరువిచ్చి తీసిన సగటు. 75, ఆ పైన వస్తే ఆ సైట్‌లో పచ్చరంగు, 50 కంటే తగ్గితే ఎరుపు. 92 చెప్పేదల్లా రాసినవాళ్లలో చాలామందికి ఆట బాగా నచ్చిందని. దీన్ని మించి ఆ అంకెను లాగితే తెగుతుంది, పొగిడేవాళ్లు లాగినా తిట్టేవాళ్లు లాగినా.

చిన్నపిల్లల ఆటంటారా, పిల్లలు ఆడగలిగే ఆట అది. యోషీలనే రంగురంగుల బుల్లి డైనోసార్లలో ఒకదాన్నో, నాబిట్ అనే దొంగనో ఎంచుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు. ఆరేళ్ల పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఆడటానికి అది చాలా ఉపయోగం. కానీ మారియోనే తీసుకుని కష్టమైన లెవెళ్లుండే స్పెషల్ వరల్డ్ చివరిదాకా పొమ్మనండి. అక్కడి ఆఖరి లెవెల్లో ఒక్కో దశకు ఒక్కో బ్యాడ్జ్, అంటే ఒక్కో ప్రత్యేక శక్తి, తగిలిస్తారు. ఒకటి మనల్ని గాల్లో తేలిస్తే, ఇంకొకటి ఆగకుండా దూకిస్తూనే ఉంటుంది, చివరికి వచ్చేసరికి మారియో అసలు కనిపించడు. మన బొమ్మ ఎక్కడుందో మనమే ఊహించుకుని దూకాలి. ‘ఈజీ’ అన్నవాళ్లు అక్కడిదాకా పోయారా అని నాకు అనుమానం. పాత ఆట కష్టం కూడా సగం వేరే రకం కష్టం. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే ఏర్పాటే అందులో లేదు. మే నెలలో ఆరో వరల్డ్ దాకా పోయాక కరెంటు పోతే మళ్లీ మొదటి గూంబా దగ్గరికే. కడపలో ఆట చివర విడిపించాల్సిన ప్రిన్సెస్‌ను చూసినవాళ్లు తక్కువమంది కావడానికి ఆట కంటే కరెంటు ఆఫీసుదే ఎక్కువ పుణ్యం.

ఆడినవాళ్లు తిప్పికొట్టారన్నది శుద్ధ అబద్ధం. మొదటి రెండు వారాల్లోనే 43 లక్షల కాపీలు అమ్ముడయ్యాయని నింటెండో ప్రకటించింది. మెటాక్రిటిక్‌లో యూజర్లు వేసిన మార్కు కూడా పదికి ఎనిమిది దాటే ఉంది. ఆడకుండానే కోపంతో సున్నాలు పెట్టే గుంపుల బెడద వల్ల, ఆట వచ్చాక 36 గంటలు ఆగితేగానీ యూజర్లు మార్కు వేయకుండా ఆ సైట్ 2020లో నిబంధన పెట్టింది. అమ్మకాలను నేను మరీ నెత్తిన పెట్టుకోను. 78 వచ్చిన ఆ 2012 ఆట కూడా కోటీ ముప్పై లక్షలకు పైగా పోయింది. జనం ఎగబడి కొన్నా రివ్యూయర్లు మెత్తబడలేదు.

వండర్‌లో తప్పులే లేవా అంటే ఉన్నాయి, రివ్యూల్లోనే ఉన్నాయి. బాస్ ఫైట్లు పేలవంగా ఉన్నాయని, విలన్ కొడుకు బౌజర్ జూనియర్‌తోనే కొద్దికొద్దిగా మార్చి మళ్లీ మళ్లీ కొట్టించారని పదికి తొమ్మిదేసి మార్కులు వేసినవాళ్లు కూడా రాశారు. నిజమే. ప్రతి లెవెల్లో అంత తలకాయ పెట్టినవాళ్లు వరల్డ్ చివరికొచ్చేసరికి ఎందుకో చేతులెత్తేశారు. నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని ఆడుతుంటే ఒకరికొకరు తగలరు, నెట్టుకోలేరు. కొందరికి అది హాయి. అన్నదమ్ముల మధ్య తోపులాటే సగం ఆట అనుకునేవాళ్లకు చప్పగా ఉంటుంది. మెసేజ్ రాసినాయన ఇవి పట్టుకుని ఉంటే నేను తలూపేవాణ్ణి.

ఇక కొనొద్దన్న మాట. ఆ రివ్యూల్లో ధర 60 డాలర్లని ఉంటుంది, మన లెక్కలో అయిదు వేల రూపాయల దగ్గర. స్విచ్ ఖర్చు దానికి వేరే. రివ్యూ రాసేవాడి చేతిలో ఆ డబ్బా ముందే ఉంటుంది కాబట్టి, ఒక్క ఆట కోసం డబ్బా కూడా కొనాలా అన్న ప్రశ్న అతనికి రాదు. డబ్బా ఇంట్లో ఉన్నవాళ్లకు అయిదు వేలకు ఇంతకంటే మంచి దూకే ఆట చూపించడం కష్టం. లేనివాళ్లు ఉన్నవాళ్లింటికి ఒక ఆదివారం పోయి, రెండో లెవెల్లో ఆ మొక్కల ఊరేగింపు దాకా ఆడి, తర్వాత తేల్చుకోవడం మేలు.