సీటు కొలత

మా ఇంట్లో పిల్లలకు చెప్పులు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనేవారు. పెరిగే వయసు కదా, వచ్చే సంక్రాంతికి సరిపోతాయని మా అమ్మ నమ్మకం. నాకు 44 ఏళ్లు వచ్చి, రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరుగారు తల పంకించాక, రోడ్డు సైకిల్ కొందామని దుకాణానికి వెళ్లినప్పుడు నా లోపల నుంచి మాట్లాడింది ఆ నమ్మకమేనని ఇప్పుడు అర్థమవుతోంది. నా అయిదడుగుల ఆరంగుళాల ఎత్తుకు సరిపడే 52 సైజు సైకిల్ పూర్తి ధరకు ఉంది. 56 సైజుది ఆరు వేల రూపాయల తగ్గింపుకు ఉంది. కాస్త వదులుగా ఉంటే మంచిదేలే అనుకుని 56 తెచ్చుకున్నాను. ఈ వయసులో నేను పెరుగుతున్నది నడుము చుట్టూ మాత్రమేనన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారిని 2023 అక్టోబరులో ప్రారంభించారు. సైకిల్ కొన్నాక మొదటి ఆదివారం తెల్లవారుజామున ఆ దారిలో నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్లే భాగంలో బయలుదేరాను. చిన్నప్పుడు మా నాన్నగారి అట్లాసు సైకిల్ బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకున్నవాణ్ని గనుక, నాకొకరు నేర్పవలసినది ఏమీ లేదన్న ధీమాతో ఉన్నాను. సీటును మాత్రం రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనేంత కిందికి దించుకున్నాను, ఎందుకంటే ఆగినప్పుడు పడిపోకుండా ఉండాలి కదా. ఈ రకం సైకిల్ మీద ఆగవలసి వస్తే ముందు సీటు మీద నుంచి జారి బారుకు అటూ ఇటూ నిలబడాలనీ, సీటు మీద కూర్చుని పాదాలు నిండుగా నేలకు ఆనించగలిగితే ఆ సీటు చాలా కిందికి ఉన్నట్టేననీ నాకప్పటికి తెలియదు.

ఏడో కిలోమీటరు దగ్గర మోకాలి చిప్పల వెనుక ఎవరో వక్కలు కత్తిరిస్తున్నట్టు అనిపించింది. హ్యాండిలేమో పొరుగూరి బంధువులా ఎక్కడో దూరంగా ఉంది. దాన్ని అందుకోవడానికి నా బరువంతా అరచేతుల మీద మోపి ముందుకు సాగిలపడవలసి వచ్చింది. మోచేయి గోడకు తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు జిల్లుమనే నరం ఒకటుంది కదా, అదే అరచేతి అంచు మీదుగా చిటికెన, ఉంగరపు వేళ్లలోకి పోతుంది. దాన్ని గంటసేపు హ్యాండిల్‌కేసి నొక్కిపెట్టిన ఫలితంగా, ఇంటికి వచ్చాక కాఫీ గ్లాసును మూడు వేళ్లతోనే పట్టుకున్నాను. "ఏమండీ, గుండెకు మంచిదని కొన్నారా, చేతులకు చెడ్డదని కొన్నారా?" అని మా ఆవిడ అడిగింది.

సీటు ఎత్తుకు ఒక లెక్క ఉందని, దానికి గజ్జల నుంచి పాదం దాకా కొలత కావాలని చదివి, కొలతలంటే దర్జీయే కదా అని మా వీధి చివర దుకాణానికి వెళ్లాను. అక్కడ నేను చేసిన పొరపాటల్లా, "సీటు కొలత కావాలండీ" అనడం. ఆయన మారుమాట లేకుండా టేపును నా పిరుదుల చుట్టూ తిప్పి, "సీటు నలభై" అని కేక వేస్తే, లోపలి కుర్రవాడు నా పేరు కింద రాసుకున్నాడు.

"అది కాదండీ, నేనడిగేది సైకిల్ సీటు గురించి."

"సైకిల్ సీటుకు మేం కుట్టం సార్. ఆటో సీట్లు కుట్టేవాళ్ల దగ్గరకెళ్లండి."

చివరకు విషయం విడమరచి చెప్పాక, ఆయన నన్ను జాలిగా చూసి, ప్యాంటుకు కొలిచినట్టే, మర్యాదగా, ఎక్కడా తగలకుండా, చీలమండ దాకా కొలిచి 29 అంగుళాలన్నారు. ఆ కొలత ఎముక నుంచి నేల దాకా ఉండాలే తప్ప మర్యాద నుంచి చీలమండ దాకా కాదని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. "గుడ్డ ఎప్పుడు తెస్తారు సార్?" అని వెనక నుంచి వినిపించింది.

ఇక మా బావమరిది. అతడు అపార్ట్‌మెంట్ల నిర్మాణంలో సైట్ ఇంజినీరు. "బావా, గోడ కట్టడానికీ దీనికీ తేడా ఏముంది?" అంటూ సైటు నుంచి రసమట్టం, దారానికి కట్టిన గుండు, స్టీలు టేపు పట్టుకొచ్చాడు. మా ముందు రెండు సూత్రాలున్నాయి. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందేన్ని 1986, 1989, 1990లలో గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరు మీద చలామణీలో ఉన్న సూత్రం ప్రకారం, గజ్జల కొలతను 0.883తో గుణించి, ఆ దూరాన్ని క్రాంకు, అంటే పెడల్‌ను పట్టి ఉంచే కడ్డీ, తిరిగే ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా పెట్టాలి. 1967లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు చెప్పిన రెండో సూత్రం ప్రకారం, అదే కొలతను 1.09తో గుణించి, పూర్తిగా కిందికి దిగిన పెడల్ ఇరుసు నుంచి కొలవాలి. దేనికదే బాగుంటుంది. మేము హామ్లీ గుణకాన్ని తీసుకుని లెమాండ్ చెప్పిన చోటి నుంచి కొలిచాము, అంటే ఒకరి గోత్రానికి మరొకరి ఇంటిపేరు తగిలించి సంకల్పం చెప్పాము. లెక్కకు 80 సెంటీమీటర్లు వచ్చింది. సీటు రాడ్డును లాగుతుంటే, ఇంతకు మించి పైకి తీయరాదన్న గీత బయటపడింది. "అది కంపెనీవాళ్లు వాళ్ల జాగ్రత్త కోసం రాసుకుంటారు బావా" అని అతడు బోల్టు బిగించాడు. సీటు మాత్రం రసమట్టం ప్రకారం అణువంత కూడా వంగలేదని ఒప్పుకోవాలి.

సెల్లారులో మా స్తంభాన్ని కౌగిలించుకుని, అతడు వెనక పట్టుకోగా ఎక్కాను. కుడి పెడల్ కిందికి దిగినప్పుడల్లా నా పాదం దాన్ని వెతుక్కుంటూ వెళ్లింది, నడుము తిరగలిలా అటూ ఇటూ ఊగింది. ఇంతలో బావమరిదికి సైటు నుంచి ఫోను వచ్చింది. సిగ్నల్ లేదంటూ అతడు ర్యాంపు ఎక్కి బయటకు వెళ్లిపోయాడు. నేను స్తంభాన్ని వదిలితే పడతాను, వదలకపోతే దిగలేను. కాలు చాపితే నేల నాలుగు వేళ్ల దూరంలో నిలిచిపోతోంది. అదే సమయానికి పై అంతస్తు విశ్రాంత లెక్కల మాస్టారు పాల ప్యాకెట్లతో లోపలికి వచ్చారు. "నమస్కారమండీ" అన్నాను, స్తంభం మీద నుంచే. ఆయన ప్రతినమస్కారం చేసి, కాసేపు చూసి, ఇది కొత్త రకం ఆసనం కాబోలునని లిఫ్టు ఎక్కేశారు. చివరకు వాచ్‌మన్ వచ్చి, "సార్, చేతులు నా భుజమ్మీద వెయ్యండి" అని, పసిపాపను ఉయ్యాల్లో నుంచి ఎత్తినట్టు నన్ను కిందికి దించాడు.

ఆ మర్నాడే సైకిళ్లను మనిషికి అమర్చిపెట్టే ఒక కుర్రవాడి దగ్గరకు వెళ్లాను. అతడు చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నిలబెట్టి, ఒక లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు ఎంత గట్టిగా తగులుతుందో అంత గట్టిగా పైకి నొక్కమన్నాడు. కొలత 78 సెంటీమీటర్లు వచ్చింది. దానికి లెమాండ్ లెక్కన సీటు ఎత్తు 69 దగ్గర ఉండాలి. మా ఇంటి ఇంజినీరింగు పదకొండు సెంటీమీటర్లు ఎక్కువ పెట్టింది. తరువాత ఒక ముడతల అట్ట మీద కూర్చోబెట్టి లేపి, పడిన రెండు గుంటల మధ్య దూరం కొలిచాడు. కూర్చునే ఎముకల వెడల్పు అదేనట. దర్జీ లెక్కలో 40 అంగుళాలైన నా సీటు సైకిల్ లెక్కలో 12 సెంటీమీటర్లేనని తెలిసి, ఆ రోజంతా నాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను.

పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు ఎంత వంగి ఉందో కోణమానిని లాంటి పరికరంతో చూసి, 25కూ 35 డిగ్రీలకూ మధ్య ఉండాలంటూ 30 దగ్గర నిలిపాడు. మోకాలి నుంచి గుండు వేలాడదీసినప్పుడు మా బావమరిది గుర్తొచ్చాడు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే 110 మిల్లీమీటర్ల మెడను విప్పి 80ది వేశాడు. "సార్, 52 కొనుంటే ఇదంతా అక్కర్లేదు" అని బిల్లు చేతిలో పెట్టాడు. ఆరు వేల అయిదు వందలు.

తరువాతి ఆదివారం కొల్లూరు దాకా వెళ్లి వచ్చాను. మోకాళ్లు మాట్లాడలేదు, కాఫీ గ్లాసును అయిదు వేళ్లూ పట్టుకున్నాయి. వచ్చేదారిలో దర్జీగారు పిలిచి గుడ్డ సంగతి మళ్లీ గుర్తుచేస్తే, పుస్తకంలో పేరు ఎక్కాక ఎగవేయడం బాగుండదని సాయంత్రం రెండున్నర మీటర్లు తీసుకువెళ్లి ఇచ్చాను. ఆయన సీటు 40 దగ్గర వేలు పెట్టి, "ఫిట్టింగుగా కుట్టమంటారా, లూజుగానా?" అని అడిగారు.

"కాస్త వదులుగానే ఉండనివ్వండి" అన్నాను.